చిట్టా ఎవరిదో ముందు అడగండి

‘‘మీ మిరప బస్తా మీద గళ్ల గళ్ల బొమ్మ ఒకటి అంటిస్తాం. ఫోను పెట్టి చూస్తే చాలు, మీ పేరు, ఊరు, సర్వే నంబరు, కొట్టిన మందులు అన్నీ కొనేవాడికి కనిపిస్తాయి. దాంతో సరుకుకు మంచి రేటొస్తుంది.’’ ఇలా చెప్పుకుంటూ ఎవరైనా మీ ఊరికి వస్తే తొందరపడి పొమ్మనకండి. అలాగని తొందరపడి సరేననకండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒక్క మాట అడగండి. ‘‘బాబూ, ఈ చిట్టా ఎవరిది?’’ అని.

ఈ ప్రశ్న అడిగితే మనల్ని తెలివితక్కువవాళ్లం అనుకుంటారేమోనని జంకక్కర్లేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడల కంపెనీలు కూడా సరిగ్గా ఇక్కడే ఆగి ఆలోచించాయి. ఆ కథ తెలుసుకుంటే మనం ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

అసలేమిటీ బ్లాక్‌చెయిన్?

గళ్ల బొమ్మ వెనక ఉండే పద్ధతిని బ్లాక్‌చెయిన్ అంటున్నారు. పేరు కొత్తదే గాని విషయం చిట్టా రాయడమే. చిట్టా సంగతి మనకు కొత్త కాదు. కమీషన్ వ్యాపారి దగ్గర మన పేరున ఖాతా ఉంటుంది. పెట్టుబడికి తెచ్చిన బాకీ, ఎరువు కట్టలు, మందు డబ్బాలు, చివరకు తెచ్చి దించిన బస్తాలు అన్నీ అందులోనే. పుస్తకం ఆయన దగ్గర ఉంటుంది, రాసేదీ ఆయనే. మన చేతిలో ఉండేది మహా అయితే ఒక చీటీ. లెక్కలో తేడా వచ్చిందంటే ఆ పుస్తకంలో ఉన్నదే నిజం.

బ్లాక్‌చెయిన్‌లో పుస్తకం ఒకరి దగ్గరే ఉండదు. అచ్చం ఒకేలాంటి ప్రతులు పది మంది దగ్గర, పది కంప్యూటర్లలో ఉంటాయి. కొత్త పద్దు రాయాలంటే అందరూ ముందే ఒప్పుకున్న నియమం ప్రకారం మిగిలిన ప్రతులూ దాన్ని తీసుకోవాలి. ప్రతి పేజీ మీద దాని ముందు పేజీ తాలూకు గుర్తు ఒకటి లక్క ముద్రలా పడుతుంది. మూడో పేజీలో అంకె దిద్దితే నాలుగో పేజీ ముద్ర కలవదు. ఆ తర్వాత పేజీలవీ కలవవు. పేజీలన్నీ గొలుసులా ముడిపడి ఉంటాయి గనుకనే ఆ పేరు వచ్చింది.

ఒకరినొకరు పూర్తిగా నమ్మని వాళ్లు పది మంది ఒకే లెక్క రాసుకోవాల్సి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది. సరుకు రవాణా అంటే అదే కదా. రైతు, కమీషన్ వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ, లారీ, ఎగుమతిదారు, కస్టమ్స్, ఓడ, అవతలి దేశంలో దుకాణం. ఇందులో ఎవరి పుస్తకం వారిది. ఒకరి లెక్క ఒకరికి కనిపించదు.

ఓడలవాళ్లకే నమ్మకం కుదరలేదు

డెన్మార్క్‌కు చెందిన మెర్స్క్ అనే ఓడల కంపెనీ 2014లో ఒక లెక్క తీసింది. తూర్పు ఆఫ్రికా నుంచి ఐరోపాకు చల్లటి కంటెయినర్‌లో ఒక సరుకు చేరాలంటే దాదాపు 30 మంది వ్యక్తులు, సంస్థల చేతులు మారాలి. వారి మధ్య 200కు పైగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడవాలి. ఒక్క కాగితం తప్పిపోతే సరుకు రేవులోనే పడి ఉంటుంది. ఈ బాధ తప్పించాలని 2018 జనవరిలో మెర్స్క్, అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎం చేతులు కలిపాయి. ఓడలు, రేవులు, కస్టమ్స్ శాఖలు అందరూ ఒకే చిట్టాలో రాసుకునే ఏర్పాటు చేశారు. దానికి ‘ట్రేడ్‌లెన్స్’ అని పేరు పెట్టారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మెర్స్క్‌కు పోటీదార్లు ఉన్నారు. ‘చిట్టా కట్టింది మా పోటీదారు. మా ఖాతాదార్లు ఎవరో, ఏ సరుకు ఎటు పోతోందో అతని పుస్తకంలో ఎలా రాస్తాం?’ అని వారికి అనుమానం వచ్చింది. నచ్చజెప్పగా నచ్చజెప్పగా 2019లో ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం, హపాగ్ లాయిడ్ వంటి పెద్ద కంపెనీలు చేరాయి. అయినా బండి ముందుకు సాగలేదు. 2022 నవంబర్ 29న దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. 2023 మొదటి మూడు నెలల్లో పూర్తిగా ఆపేశారు. మెర్స్క్ స్వయంగా చెప్పుకున్న కారణం గమనించండి. యంత్రాంగం పని చేసింది గాని, పరిశ్రమ అంతా కలిసి రాలేదు, వ్యాపారంగా గిట్టలేదు.

సహకారం అని అందరూ అంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అన్నట్టుంటుంది చివరకు. అందుకే మరికొన్ని ఓడల కంపెనీలు, రేవులు వేరే దారి పట్టాయి. 2021లో హాంకాంగ్‌లో జీఎస్‌బీఎన్ అనే సంస్థను లాభాపేక్ష లేకుండా పెట్టుకుని, అందులో తామందరూ వాటాదార్లయ్యారు. పుస్తకం ఎవరిదన్న తగువును వాళ్లు ముందే తేల్చుకున్నారన్న మాట.

వందల ఓడలున్న కంపెనీలే ‘చిట్టా ఎవరిది?’ అని అడిగాక గాని సంతకం పెట్టలేదు. రెండెకరాల మిరప రైతు అడిగితే తప్పా?

మామిడి ముక్క జాడ

ఈ చిట్టాతో లాభమే లేదని అనడం లేదు. అమెరికాలో వాల్‌మార్ట్ అనే పెద్ద దుకాణాల కంపెనీ 2016లో ఐబీఎంతో కలిసి ఒక ప్రయోగం చేసింది. దుకాణంలో ఉన్న మామిడి ముక్కల ప్యాకెట్ తీసుకుని, ఆ కాయ ఏ తోటలో కాసిందో కనిపెట్టమన్నారు. పాత పద్ధతిలో కాగితాలు వెతికితే 6 రోజుల 18 గంటల 26 నిమిషాలు పట్టింది. బ్లాక్‌చెయిన్ చిట్టాలో 2.2 సెకన్లలో తేలిపోయింది.

దీనివల్ల ఉపయోగం పెద్దదే. 2018లో ఆ దేశంలో రొమైన్ అనే ఆకుకూర తిని జనం జబ్బు పడ్డారు. ఏ తోట నుంచి వచ్చిన ఆకో వెంటనే తేలక, ఆ ఏడాది నవంబర్‌లో దేశమంతటా రొమైన్ తినవద్దని అధికారులు చెప్పాల్సి వచ్చింది. ఏ తప్పూ చేయని రైతు పంట కూడా పారబోతకు పోయింది. జాడ వెంటనే తెలిసి ఉంటే తప్పున్న తోట ఒక్కటే ఆగిపోయేది. ఆ సెప్టెంబర్‌లోనే వాల్‌మార్ట్ తనకు ఆకుకూరలు పంపేవారందరికీ లేఖ రాసింది. ఏడాదిలోగా మీ సరుకు వివరాలు ఈ చిట్టాలో ఎక్కాలని షరతు పెట్టింది.

అంతకు ముందే, 2017 ఆగస్టులో వాల్‌మార్ట్, నెస్లే, యూనిలీవర్, మసాలాల కంపెనీ మెకార్మిక్‌తో సహా పది కంపెనీలు ఐబీఎంతో చేరి ఈ పనికి ఒప్పందం చేసుకున్నాయి. ఆ పదింటిలో చిన్న రైతుల సంఘం ఒక్కటీ లేదు. వెతకడానికి పట్టే సమయం వారం నుంచి రెండు సెకన్లకు తగ్గింది. రైతుకు డబ్బు చేరే సమయం తగ్గిందా అన్నది ఆ ప్రయోగం కొలవలేదు. ఎవరు కూర్చుని చిట్టా గీస్తారో వారి అవసరాలకే అందులో గడులు ఉంటాయి.

మన మిరప దాకా వచ్చింది

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. 2021 ఏప్రిల్‌లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ కలిసి మన దేశపు మసాలా దినుసులకు బ్లాక్‌చెయిన్ చిట్టా తయారు చేస్తామని ఒప్పందం రాసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన జిల్లాల్లో మిరప, పసుపు పండించే 3,000 మందికి పైగా రైతులతో మొదట పరీక్షిస్తామని ఆనాటి ప్రకటన. అంతకు ముందు 2019 మార్చిలో కాఫీ బోర్డు కూడా ఇలాంటి అమ్మకపు వేదికను ప్రయోగంగా మొదలుపెట్టింది.

మిరపనే ఎందుకు ఎంచుకున్నారంటే, జాడ లేకపోవడం వల్ల మన మిరపకు చెడ్డపేరు రావడం కొత్త కాదు. 2003లో భారతదేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే రంగు ఉందని ఐరోపాలో పట్టుకున్నారు. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారం వల్ల 400కు పైగా రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ రంగు కలిసేది పొడిలో. కళ్లంలో ఎండుతున్న కాయకు దాంతో పనిలేదు. అయినా దెబ్బ పడింది మన మిరప పేరు మీద.

ఇక అఫ్లాటాక్సిన్ సంగతి. ఇది బూజు వల్ల పుట్టే విషం. మిరపలో ఇది అన్నీ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా దేశాలు సరుకును రానివ్వవు. కళ్లంలో మంచుకు తడిసినా ఇది పుట్టవచ్చు, గోదాములో చెమ్మ పట్టినా పుట్టవచ్చు, ఓడలో పుట్టినా పుట్టవచ్చు. అవతలి రేవులో పట్టుబడ్డప్పుడు తప్పు ఎక్కడ జరిగిందని వెతుకుతారు. ఇక్కడే రైతు కళ్లు తెరుచుకుని ఉండాలి.

వేలు ఎవరి వైపు చూపిస్తుంది?

చిట్టాలో మొదటి పేజీ రైతుది. పేరు, సర్వే నంబరు, మందుల వివరం మనం ఇచ్చేశాం. ఆ తర్వాత చేతులు మారిన చోట తేమ ఎంత ఉందో, ఏ బస్తా ఏ బస్తాలో కలిపారో, ఎన్నాళ్లు ఎక్కడ ఉంచారో ఎవరూ రాయలేదనుకోండి. సరుకు తిరిగొచ్చిన రోజున చిట్టాలో పేరుతో దొరికే మనిషి ఒక్కడే. అది మీరే. మంచి జరిగితే చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు మీ పేరు చెప్పి సరుకు అమ్ముకుంటారు. చెడు జరిగితే చెట్టునే నరకబోతారు.

అదే చిట్టా పూర్తిగా రాస్తే మీకు కవచమవుతుంది. మీ సరుకు మీ చెయ్యి దాటే రోజున మచ్చు తీసి, తేమ చూసి, పరీక్ష ఫలితం మీ పేరున ఎక్కించారనుకోండి. ఆ రోజుకు సరుకు శుభ్రంగా ఉందని చెరగని సాక్ష్యం ఉన్నట్టే. తర్వాత జరిగినదానికి తర్వాతివాళ్లు జవాబు చెప్పుకోవాలి. కాబట్టి రైతు రాసినట్టే సరుకును ముట్టుకున్న ప్రతివాడూ రాయాలి. ఇదే మన మొదటి షరతు కావాలి.

చెరగని పుస్తకంలో తప్పు రాస్తే

ఈ చిట్టాను ఎవరూ దిద్దలేరు అని గొప్పగా చెబుతారు. నిజమే. అయితే మొదట్లోనే తప్పు రాస్తే? 42 కిలోల బస్తాను తరుగు తీసి 40 అని ఎక్కిస్తే ఆ 40 శాశ్వతం. మేలు రకం కాయను తాలు కింద రాస్తే అదీ శాశ్వతం. కంప్యూటర్‌కు కాటా దగ్గర ఏం జరిగిందో కనిపించదు. రాసిన అంకెనే అది కాపాడుతుంది. దొంగ కాటాను పట్టుకునే పని ఎప్పటిలాగే మనుషులదే.

కౌలు రైతుల గతి ఇంకా కష్టం. చిట్టాలో పేరు సర్వే నంబరును బట్టి ఎక్కిస్తే, పొలం దున్నినవాడి బదులు పట్టాదారు పేరు ఎక్కుతుంది. పేరుకు తగ్గ రేటు వచ్చినా, బోనస్ ఇచ్చినా ఆయన ఖాతాకే పోతుంది. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం కావాల్సి వచ్చింది. సంతకానికి వెనకాడే యజమానులు ఊరూరా ఉన్నారు. ఆ తగువే తెగకుండా చెరగని పుస్తకం తెరిస్తే, కౌలు రైతు లేడన్న మాట కూడా చెరగకుండా ఉంటుంది.

మరో సంగతి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. మన సమ్మతితోనే వివరాలు తీసుకోవాలని, సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని, చెరిపేయమని అడగవచ్చని అందులో ఉంది. అమలు దశలవారీగా జరుగుతోంది. చెరపడమే కుదరని పుస్తకంలో మన పేరు, ఫోను నంబరు నేరుగా రాస్తే ఆ హక్కు ఏమవుతుంది? పేరు వేరే చోట దాచి, చిట్టాలో ఒక గుర్తు నంబరు మాత్రమే రాసే పద్ధతి ఉంది. అలా చేస్తున్నారా అని అడగండి.

ద్రాక్ష రైతుల దగ్గర నేర్చుకుందాం

జాడ చూపడానికి బ్లాక్‌చెయినే కావాలని కూడా లేదు. అపెడా సంస్థ 2006లోనే ‘గ్రేప్‌నెట్’ పెట్టింది. ఐరోపాకు వెళ్లే ద్రాక్ష ఏ తోటదో, ఏ ల్యాబులో పరీక్ష అయిందో అందులో ఉంటుంది. ఇది మామూలు కంప్యూటర్ చిట్టా. ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. ఐరోపాకు పంపాలంటే అందులో నమోదు కావాల్సిందే గనుక అందరూ రాస్తున్నారు.

అంత చేసినా 2010లో మన ద్రాక్షను ఐరోపాలో ఆపేశారు. క్లోర్‌మెక్వాట్ అనే, పెరుగుదలను అదుపు చేసే మందు అవశేషాలు వారి హద్దుకు మించి ఉన్నాయన్నారు. ఇక్కడి ల్యాబులు పరీక్షించే మందుల జాబితాలో ఆనాడు అది లేనే లేదు. చిట్టా సక్రమంగానే ఉంది. చూడాల్సింది చూడలేదు, అంతే. నష్టం తోట మీదికి వచ్చింది. చిట్టా ఎంత గట్టిదైనా, కొనే దేశం హద్దులు మారిన సంగతి రైతుకు మందు కొట్టక ముందే తెలియజేసే బాధ్యత ఎవరిదో తేలకపోతే ఫలితం ఇదే.

రైతుకు నిజంగా అక్కరకొచ్చే చిట్టా ఎలా ఉండాలో కూడా ఒక ఉదాహరణ ఉంది. గుర్తింపు ఉన్న గోదాములో సరుకు పెడితే 2017 నుంచి ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తున్నారు. దాని మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. రేటు లేనప్పుడు అమ్ముకోకుండా ఆగే వీలు కలుగుతుంది. ఆ పద్దు రైతు పేరున ఉంటుంది, రైతు దాన్ని వాడుకోగలడు. బ్లాక్‌చెయిన్ చిట్టా కూడా ఇలా అప్పుకో, రేటుకో, త్వరగా డబ్బు రావడానికో ఉపయోగపడితేనే మనకు లెక్క.

సంతకానికి ముందు అడగాల్సినవి

మొదటిది, చిట్టా ఎవరిది? దాని నియమాలు మార్చే హక్కు ఎవరికుంది? ఆ కూర్చునే బల్ల దగ్గర రైతుల తరఫున ఎవరున్నారు?

రెండోది, నా పద్దు నేను చదువుకోగలనా? తెలుగులో, నా ఫోనులో కనిపించాలి. నా సరుకు చివరకు ఎంతకు అమ్ముడైందో కూడా అందులో ఉండాలి. నా వివరాలు వాళ్లకు కనిపించి, వాళ్ల రేటు నాకు కనిపించకపోతే అది సగం చిట్టా.

మూడోది, తూకం, రకం, ధర నా ఎదుట, నేను ఒప్పుకున్నాకే ఎక్కుతాయా? తప్పు పడితే సవరణ పద్దు రాసే దారి ఏమిటి, ఎన్ని రోజుల్లో?

నాలుగోది, ఖర్చు ఎవరిది? పరీక్షకు, స్టిక్కర్‌కు, ఎక్కించే మనిషి కూలికి నా దగ్గర కోస్తారా? అదనపు ధర ఎంతిస్తారో కాగితం మీద రాసిస్తారా?

అయిదోది, సరుకు తిరిగొస్తే భారం ఎవరిది? మచ్చులో రెండో భాగం సీలు వేసి నా దగ్గర ఉంచుతారా?

ఆరోది, రేపు కంపెనీ దీన్ని మూసేస్తే నా లెక్కలు నాకు తిరిగి ఇస్తారా? ట్రేడ్‌లెన్స్ అయిదేళ్లకే మూతపడింది. ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు.

ఈ ఆరు ప్రశ్నలు ఒక్కరే వెళ్లి అడిగితే ‘ఇష్టమైతే చేరు, లేకపోతే పక్క ఊరు చూసుకుంటాం’ అంటారు. మూడొందల మంది కలిసి అడిగితే కూర్చుని మాట్లాడతారు. దేశంలో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టాలని 2020లో కేంద్రం పథకం తెచ్చింది. మీ మండలంలో అలాంటి సంఘం ఉంటే ఈ విషయం దాని సమావేశంలో పెట్టించండి. ఒప్పందం సంఘం పేరున జరగాలి, చిట్టా ప్రతుల్లో ఒకటి సంఘం కంప్యూటర్‌లో ఉండాలి. పది ప్రతులుండటమే ఈ పద్ధతి బలమని వాళ్లే చెబుతున్నారు గదా, పదకొండోది మనకిస్తే పోయేదేమీ లేదు.

ఇవ్వలేమన్నారా, కారణం అడగండి. వాళ్లు చెప్పే జవాబును బట్టే ఆ చిట్టా ఎవరికోసం తెరిచారో మీకు అర్థమవుతుంది. సంతకం పెట్టాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.